నంద్యాల ఎంపీ.. నాలుగు నెలల్లో రాష్ట్రపతి! ఒక్క మార్కు బిట్ వెనుక నీలం సంజీవరెడ్డి ఓటముల కథ

నంద్యాలలో సాయంత్రం ఏ టీ బంకు దగ్గర నిలబడినా జీకే బిట్లు వినిపిస్తాయి. బ్యాంకు కోచింగ్‌కు పేరుపడ్డ ఊరు కదా మరి. క్లాసు వదలగానే నువ్వొకటి అడుగు, నేనొకటి అడుగుతా అంటూ మొదలుపెడతారు. ఓడినవాడు టీ డబ్బులు కట్టాలి.

ఈ ఆట ఇంట్లో పెద్దవాళ్లకూ కొత్త కాదు. 1980ల్లో దూరదర్శన్‌లో క్విజ్ వస్తుంటే యాంటెన్నా తిప్పి మరీ చూసిన తరం వాళ్లది. టీవీ క్విజ్‌లో మనం చూసిన చాలా పద్ధతులు బ్రిటన్ నుంచి వచ్చినవే. 1972లో బీబీసీలో మొదలైన మాస్టర్‌మైండ్‌లో చీకటి గదిలో నల్ల కుర్చీ వేసి ప్రశ్నలు కురిపించేవారు. 1998లో ఐటీవీలో వచ్చిన మిలియనీర్ షోనే ఆ తర్వాత హిందీలో కౌన్ బనేగా కరోడ్‌పతిగా, తెలుగులో కోటీశ్వరుడిగా మన ఇళ్లకు చేరింది.

ఏ క్విజ్‌లోనైనా, ఏ పోటీ పరీక్షలోనైనా తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఒకటుంది. పోటీ లేకుండా ఏకగ్రీవంగా ఎన్నికైన రాష్ట్రపతి ఎవరు? జవాబు అందరికీ తెలుసు. నీలం సంజీవరెడ్డి. కానీ ఆ ఏకగ్రీవానికి ముందు ఆయన ఎన్నిసార్లు ఓడిపోయారో చాలామందికి తెలియదు. ఆ కథలో నంద్యాల పాత్ర ఏంటో చూద్దాం.

బావను ఓడించిన బామ్మర్ది

1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో రైతు కుటుంబంలో పుట్టారు సంజీవరెడ్డి. మద్రాసు అడయారులో స్కూలు చదువు, అనంతపురంలో కాలేజీ. గాంధీజీ ప్రభావంతో 1931లో చదువు మధ్యలోనే వదిలేసి ఉద్యమంలోకి దూకారు. 1940 నుంచి 1945 మధ్య ఎక్కువ కాలం జైల్లోనే గడిపారు.

స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఎన్.జి.రంగాతో పోటీపడి గెలిచారు. అయితే ఆ మరుసటి ఏడాదే గట్టి దెబ్బ తగిలింది. 1952 ఎన్నికల్లో అనంతపురంలో కమ్యూనిస్టు నేత తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. నాగిరెడ్డి ఎవరో కాదు, ఆయన భార్య నాగరత్నమ్మ సోదరుడే.

తొలి ముఖ్యమంత్రి.. బస్సు కేసు

ఇక రెండో బిట్. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి ఎవరు? ఇదీ ఆయనే. 1956 నవంబర్ 1న పదవి చేపట్టారు. 1960లో కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడిగా వెళ్లి, 1962లో మళ్లీ ముఖ్యమంత్రిగా వచ్చారు. అప్పుడు ఆయన గెలిచిన అసెంబ్లీ సీటు డోన్. నాటి కర్నూలు జిల్లాలోని డోన్ ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది.

విచిత్రం ఏంటంటే, ఆయన కుర్చీ దిగడానికి కారణమైందీ కర్నూలు జిల్లానే. అక్కడి ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వం జాతీయం చేసింది. ఇందులో రాజకీయ కక్ష ఉందని బస్సు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఆరోపణలను ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేసి ఖండించలేదని కోర్టు ఎత్తిచూపింది. ఆ వ్యాఖ్యల తర్వాత 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు.

14,650 ఓట్ల విలువ

ఢిల్లీ వెళ్లి కేంద్రమంత్రి అయ్యారు. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకర్ అయ్యారు. స్పీకర్ ఏ పార్టీ మనిషీ కాకూడదంటూ కాంగ్రెస్ సభ్యత్వానికే రాజీనామా ఇచ్చేశారు.

1969లో రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి. కానీ సొంత పార్టీ ప్రధాని ఇందిరాగాంధీయే అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయాలని పిలుపునిచ్చారు. ఇంకేముంది, ఓట్లు చీలిపోయాయి. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక వి.వి.గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. ఓట్ల విలువలో తేడా 14,650 మాత్రమే. రెండో ప్రాధాన్య ఓట్లతో తేలిన ఏకైక రాష్ట్రపతి ఎన్నిక ఇదే. ఇదీ పరీక్షల్లో తరచూ వచ్చే బిట్టే.

అక్కడితో అయిపోలేదు. 1971లో అనంతపురం లోక్‌సభకు పోటీ చేసి మళ్లీ ఓడారు. సొంత ఊరు వెళ్లి వ్యవసాయం చూసుకున్నారు. ఆయన పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు.

42లో ఒకే ఒక్కడు

1977 మార్చి. ఎమర్జెన్సీ తర్వాత ఎన్నికలు. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది కానీ ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 ఆ పార్టీకే వచ్చాయి. మిగిలిన ఆ ఒక్క సీటే నంద్యాల. జనతా పార్టీ అభ్యర్థిగా నిలబడ్డ సంజీవరెడ్డి అక్కడ పాతుకుపోయిన కాంగ్రెస్ నేత పెండేకంటి వెంకటసుబ్బయ్యను ఓడించారు. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల ఓటర్లు రాష్ట్రం మొత్తానికి భిన్నంగా తీర్పు ఇచ్చారన్నమాట. ఆ తీర్పు లేకపోతే ఆయన ఆ లోక్‌సభలో అడుగుపెట్టేవారే కాదు.

ఆ తర్వాత అంతా చకచకా జరిగింది. మార్చి 26న ఏకగ్రీవంగా స్పీకర్ అయ్యారు. ఫకృద్దీన్ అలీ అహ్మద్ మరణంతో రాష్ట్రపతి పదవి అప్పటికే ఖాళీగా ఉంది. ఎన్నికకు 37 మంది నామినేషన్లు వేశారు. పరిశీలనలో 36 కొట్టేశారు. మిగిలింది ఒక్కటే! జులై 21న ఎన్నికైనట్టు ప్రకటించారు, 25న ప్రమాణం చేశారు. 1969లో చేజారిన పదవి ఎనిమిదేళ్లకు ఒక్క ఓటు కూడా పడకుండానే దక్కింది.

1980 జనవరిలో ఇంకో మలుపు. మళ్లీ గెలిచిన ఇందిరాగాంధీతో ప్రధానిగా ప్రమాణం చేయించింది రాష్ట్రపతి సంజీవరెడ్డే. 1982 జులై వరకు ఆమె ప్రభుత్వంతో కలిసి పనిచేసి, జ్ఞానీ జైల్‌సింగ్‌కు బాధ్యతలు అప్పగించారు. 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశారు.

ఈ బిట్లు మార్చుకోండి

పాత గైడ్‌లో అత్యంత పిన్న వయసు రాష్ట్రపతి సంజీవరెడ్డి అని ఉంటుంది. 64 ఏళ్లకు ప్రమాణం చేసిన ఆయన పేరిట 45 ఏళ్లు ఆ రికార్డు ఉంది. 2022లో ద్రౌపది ముర్ము దాన్ని కొద్ది రోజుల తేడాతో దాటారు. పాత జవాబు రాస్తే మార్కు పోయినట్టే.

ఇంకొకటి. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పి.వి.నరసింహారావు 5.8 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచిందీ నంద్యాల నుంచే. అంటే ఒక రాష్ట్రపతిని, ఒక ప్రధానిని లోక్‌సభకు పంపిన నియోజకవర్గం ఇది.

ఈసారి టీ బంకు దగ్గర ఎవరైనా ఏకగ్రీవ రాష్ట్రపతి ఎవరని అడిగితే జవాబు చెప్పేయండి. తర్వాత మీరూ ఓ బిట్ వేయండి. దానికి ముందు ఆయన ఎన్ని ఎన్నికల్లో ఓడిపోయారు? 1952, 1969, 1971 అని మూడూ చెప్పలేకపోతే టీ డబ్బులు వాళ్లవే.