‘కాంచన ద్వీపం’ కథకుడు స్టీవెన్సన్

డిసెంబరు 3 ప్రఖ్యాత ఆంగ్ల రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ వర్ధంతి. నండూరి రామమోహనరావు తెనిగించిన ‘కాంచన ద్వీపం’ చదివిన వారికి ఒంటికాలి జాన్ సిల్వర్ గుర్తుండే ఉంటాడు. దానికి మూలమైన ‘ట్రెజర్ ఐలండ్’ నవల స్టీవెన్సన్ రాసినదే.

ఆయన 1850 నవంబరు 13న స్కాట్లండ్‌లోని ఎడింబరో నగరంలో జన్మించారు. తండ్రి, తాత ఇద్దరూ సముద్రతీరాల్లో లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజనీర్లు. ఒక్కగానొక్క కొడుకైన స్టీవెన్సన్‌ను పసితనం నుంచీ రొమ్ము జబ్బు పీడించింది. నిద్రపట్టని రాత్రుల్లో ఆయా చెప్పిన కథలే ఆయనకు ఊరట. 1871లో ఇంజనీరు చదువు తనకు వద్దని చెప్పగా తండ్రి నొచ్చుకున్నారు. ఆ తర్వాత మత విషయంలోనూ తండ్రీ కొడుకులకు పొసగలేదు. 1875లో న్యాయవాది పట్టా పొందినా స్టీవెన్సన్ మనసు రచన మీదే నిలిచింది.

1880లో ఆయన అమెరికా మహిళ ఫానీని వివాహమాడారు. మరుసటి వేసవిలో కుటుంబమంతా స్కాట్లండ్‌లోని బ్రేమార్ గ్రామంలో బస చేసింది. ముసురు పట్టి బయటకు కదలలేని రోజులవి. ఫానీ మొదటి వివాహపు కుమారుడు, 13 ఏళ్ల లాయిడ్ రంగులతో బొమ్మలు వేస్తుండగా, స్టీవెన్సన్ ఒక దీవి పటం గీశారు. ఆ పటం నుంచే కథ పుట్టింది. రోజుకొక అధ్యాయం రాసి ఇంటిల్లిపాదికీ చదివి వినిపించేవారు. రచన వద్దన్న తండ్రే పసివాడిలా కూర్చుని విన్నారు. చనిపోయిన నావికుడి పెట్టెలో ఉండవలసిన వస్తువుల జాబితాను ఆయనే తయారుచేసి ఇచ్చారు.

15 అధ్యాయాల తర్వాత కలం ఆగిపోయింది. ఆరోగ్యం కోసం స్విట్జర్లండ్‌లోని దావోస్ వెళ్లినప్పుడు మిగతా కథ పూర్తయింది. 1881 అక్టోబరు నుంచి ఒక బాలల వారపత్రికలో వెలువడి, 1883లో పుస్తకంగా వచ్చింది.

కథలో జిమ్ అనే కుర్రవాడు సత్రం నడిపేవారి కొడుకు. ఒంటికాలి నావికుడు వస్తాడేమో కనిపెట్టి చూడమని ఒక ముసలి నావికుడు అతనికి డబ్బులిస్తాడు. ఆ భయం పాఠకునికీ అంటుకుంటుంది. తీరా నిధి వేటకు బయలుదేరిన ఓడలో వంటవాడైన సిల్వర్‌కు ఉన్నది ఒక కాలే. అయినా అతని నవ్వు ముఖం, తియ్యని మాటలు చూసి జిమ్ నమ్ముతాడు. ఒక రాత్రి ఆపిల్ పండ్ల పీపాలో ఉండగా సిల్వర్ పన్నుతున్న కుట్ర చెవిన పడుతుంది. కప్తానుకు తెలియనిది కుర్రవాడికి తెలిసింది. ఇక ఏమవుతుందోనన్న ఉత్కంఠ మొదలవుతుంది.

అయితే ఉత్కంఠ కేవలం పేజీలు తిప్పించడానికే కాదు. నమ్మకమైన నావికుణ్ణి చంపిన సిల్వరే, తరువాత దొంగల చేతికి చిక్కిన జిమ్ ప్రాణానికి అడ్డు నిలుస్తాడు. పారిపోయి రమ్మని డాక్టరు పిలిచినా జిమ్ కదలడు. హంతకునికైనా సరే, ఇచ్చిన మాట తప్పనంటాడు. ప్రాణం పోతుందన్న భయం లేకుంటే ఆ మాటకు విలువ ఏపాటిది? మంచీ చెడూ ఒకే మనిషిలో ఉంటాయనీ, ఎవరిని ఎంతవరకు నమ్మాలో ఎవరికి వారే తేల్చుకోవాలనీ ఆ కుర్రవాడు నేర్చుకుంటాడు. చివరకు నిధి దక్కినా ఆ దీవికి మళ్లీ పోయే ఆశ అతనికి లేదు.

1890లో స్టీవెన్సన్ పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవిలో స్థిరపడ్డారు. అక్కడి ప్రజలు ఆయనను కథలు చెప్పేవాడని అర్థం వచ్చే టుసిటాలా పేరుతో పిలుచుకున్నారు. 1894 డిసెంబరు 3న, 44వ ఏట ఆయన కన్నుమూశారు. సమోవా ప్రజలు అడవి నరికి బాట వేసి, ఆయన భౌతికకాయాన్ని వాయియా కొండ శిఖరానికి మోసుకెళ్లి సమాధి చేశారు.