బోల్టుకూ నట్టుకూ పొత్తు కుదిర్చిన విట్‌వర్త్

పాత ఆయిలింజను విప్పి బిగించే మెకానిక్కులకు ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. అర అంగుళం బోల్టు విరిగిందని బజారు నుంచి కొత్తది తెస్తే, రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. లిస్టర్ వంటి పాత ఇంగ్లీషు ఇంజన్లలోనూ, ఆ నమూనాలో మన దేశంలో తయారైన ఇంజన్లలో చాలాచోట్లా ఉన్న మరలు వేరు, నేటి మిల్లీమీటరు బోల్టుల మరలు వేరు. ఆ పాత మరలకు కొలత ఏర్పరచినవాడు ఇంగ్లండు దేశీయుడైన సర్ జోసెఫ్ విట్‌వర్త్.

ఆయన 1803 డిసెంబరు 21న స్టాక్‌పోర్టులో జన్మించాడు. పద్నాలుగో ఏట బంధువుల నూలు మిల్లులో పనికి పెట్టారు. వ్యాపారం కన్నా యంత్రాల మీదే ఆయన మనసు నిలిచింది. మిల్లు వదలి మాంచెస్టరు చేరి కూలి మెకానిక్కుగా పనిచేశాడు. 1825లో లండన్ వెళ్లి, పేరుపొందిన హెన్రీ మాడ్‌స్లే కార్ఖానాలో పని నేర్చాడు. 1833లో మాంచెస్టరులో సొంత కార్ఖానా పెట్టాడు.

ఆ రోజులలో ఏ కార్ఖానా మరలు ఆ కార్ఖానావే. ఒకచోట చేసిన నట్టు మరొకచోట చేసిన బోల్టుకు ఎక్కేది కాదు. విట్‌వర్త్ అనేక కార్ఖానాల బోల్టులు సేకరించి, కొలిచి, సగటు తీశాడు. మర కోణం 55 డిగ్రీలుగా నిర్ణయించాడు. అంగుళం పొడవులో పావు అంగుళం బోల్టుకు 20, అర అంగుళానికి 12, అంగుళం బోల్టుకు 8 మరలు ఉండాలన్నాడు. 1841లో ఈ పద్ధతిని లండన్‌లోని సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందుంచాడు. రైల్వే కంపెనీలు దానిని స్వీకరించడంతో క్రమంగా బ్రిటన్ అంతటా వ్యాపించింది.

అంగుళంలో పది లక్షలవ వంతు తేడాను పట్టే కొలత యంత్రాన్నీ ఆయన తయారు చేశాడు. యంత్రవిద్య చదివే యువకులకు 1868లో విద్యార్థి వేతనాలు నెలకొల్పాడు. 1869లో ప్రభుత్వం బారొనెట్ బిరుదు ఇచ్చింది. 1887 జనవరి 22న మాంటీ కార్లోలో మరణించాడు. డీజిల్ ఇంజను జయప్రదంగా నడిచింది ఆ తరువాత పదేళ్లకు, 1897లో. తన మరలు ఆ ఇంజన్లను పట్టి ఉంచుతాయని ఆయనకు తెలియదు.

ఆయన పద్ధతి తెలిసిన మెకానిక్కు చేతిలో ఇంజను చెడదు. కొత్త బోల్టు కొనేముందు మరల గేజి పెట్టి చూడాలి. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 మరలుంటే, అమెరికా పద్ధతి బోల్టుకు 13 ఉంటాయి. మూడు బై ఎనిమిది అంగుళం వంటి సైజులలో మోసం ఉంది. ఆ సైజులో రెండింటికీ 16 మరలే గనుక చేతితో తిప్పితే ఎక్కుతుంది. కాని అమెరికా మర కోణం 60 డిగ్రీలు. మరలు పూర్తిగా ఆనవు, బరువు పడితే పట్టు తప్పుతుంది. విట్‌వర్త్ పానా మీద ఉండే అంకె కూడా బోల్టు లావుదే గాని, తల వెడల్పుది కాదు.

కనెక్టింగ్ రాడ్డుకు బజారు ఇనుప బోల్టు ఎన్నడూ వేయరాదు. కంపెనీ చెప్పిన సైజు, గట్టిదనం గల బోల్టునే వాడాలి. సాగిన బోల్టును పారవేయాలి. స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తది వేయాలి. ఆ బోల్టు తెగితే రాడ్డు ఇంజను గోడను బద్దలుకొట్టుకుని బయటికి వస్తుంది. పక్కన మనిషి ఉంటే ప్రాణాపాయం.

హెడ్డు నట్లు బిగించేటప్పుడు మరలు శుభ్రం చేసి, పుస్తకంలో చెప్పినట్లు నూనె రాయాలి. ఒకదాని తరువాత దాని ఎదుటిది, ఇలా మూడు విడతలుగా బిగించాలి. బిగువు కొలిచే టార్క్ పానా వాడి, కంపెనీ పుస్తకంలోని అంకె దగ్గర ఆపాలి. పానాకు గొట్టం తొడిగి బలంకొద్దీ లాగితే స్టడ్డు సాగిపోతుంది, గాస్కెట్టు నిలవదు.

కరెంటు మోటార్లు వచ్చాక ఆయిలింజన్లు చాలావరకు మూలపడ్డాయి. అయినా వరి పొట్ట మీద ఉండగా కరెంటు పోతే రైతు వెతుక్కునేది ఆ పాత ఇంజనునే. అప్పుడది నడవడం, నడవకపోవడం పది రూపాయల బోల్టు మీద ఆధారపడి ఉండవచ్చు.