నివురు కప్పిన నిప్పు: విలియం హెర్షెల్

తెల్లవారుజామున పొయ్యి దగ్గరకు వెళ్లిన తల్లి బూడిదను చూచి నిప్పు ఆరిపోయినదని వెంటనే అనుకొనదు. దానిపై అరచేయి చాపి చూచును. కంటికి కనబడని నిప్పును చేతికి తగిలిన వేడి తెలుపును. ఆకాశమును ఈలాగున పరీక్షించుటకు దారి చూపిన ఒక మనుష్యుని సంగతి ఈ నెల మీకు చెప్పగోరుచున్నాము.

విలియం హెర్షెల్ 1738లో జర్మనీలోని హానోవరు పట్టణమున జన్మించెను. తండ్రి సైనిక వాద్యబృందములో వాయించువాడు. విలియం 1757లో ఇంగ్లండు చేరి, సంగీతము నేర్పి బ్రదుకుచు, 1766లో బాత్ పట్టణమందలి ఆక్టగన్ ప్రార్థనాలయములో ఆర్గన్ వాయించు పనికి కుదిరెను. పగలు సంగీతము, రాత్రి నక్షత్రములు. దూరదర్శినికి కావలసిన లోహపు అద్దములను తానే పోతపోసి నునుపు చేసెను. ఒకసారి పదునారు గంటలు అద్దము మీదనుండి చేయి తీయకుండగా, చెల్లెలు కరొలైన్ ఆహారమును నోటికందించెను. 1781 మార్చి 13న యురేనస్ గ్రహమును కనుగొనెను. తరువాత అతడు చూచి చెప్పగా ఆమె వ్రాసికొనుచు, సుమారు 2,500 నీహారికలను, నక్షత్రపు గుంపులను పట్టిక వేసిరి.

అయితే వృశ్చికరాశిలో ఒకచోట నక్షత్రములే లేని నల్లని భాగము అతనికి కనబడెను. అది ఆకాశమునకు పడిన రంధ్రమని అతడు తలంచెను. అంత చూపు గలవాడును అచ్చట పొరబడెను. అది శూన్యము కాదు. వెనుకనున్న వెలుగును అడ్డగించు ధూళి మేఘము.

ఆ పొరబాటును దిద్దగల సాధనము అతని చేతికే దొరికెను. 1800లో సూర్యకాంతిని గాజు పట్టకముగుండ రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ధర్మామీటరు ఉంచెను. ఎరుపు దాటిన తరువాత, ఏ వెలుగును కనబడని చోట, వేడి మరి ఎక్కువగా నుండెను. వీటినే నేడు పరారుణ కిరణములందుము. ఇవి ధూళి మేఘముల లోపలి సంగతి తెలుపునని అతనికి తెలియదు. 1822లో, తన 83వ యేట అతడు మరణించెను.

2009లో ఐరోపా అంతరిక్ష సంస్థ అతని పేరుతో ఒక దూరదర్శినిని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమునకు పంపెను. అది 2013 వరకు పనిచేసెను. కోట్లకొలది నక్షత్రముల సమూహమైన గెలాక్సీలలో కొన్ని ధూళిచేత కప్పబడియున్నవి. లోపల పుట్టుచున్న నక్షత్రముల వెలుగును ఆ ధూళి మ్రింగి, వేడెక్కి, పరారుణ కిరణములుగా వెలువరించును. విశ్వము విస్తరించుచున్నందున, దూరము పెరిగినకొలది ఆ కిరణముల తరంగములు సాగిపోవును. కనుక శాస్త్రజ్ఞులు ఒకే చుక్కను మూడు తరంగముల కొలతలలో చూచి, అన్నిటికంటె పొడవైన కొలతలో ఎక్కువ ప్రకాశించు వాటిని మిక్కిలి దూరమైనవిగా ఏరి, భూమిమీది రేడియో దూరదర్శినులతో నిర్ధారించుకొందురు. ఈలాగున దొరికిన ఒక గెలాక్సీ, విశ్వము పుట్టిన 88 కోట్ల సంవత్సరములకే విస్తారముగా నక్షత్రములను పుట్టించుచుండెనని 2013లో ప్రకటించిరి.

హెర్షెల్ తాళపుచెవిని కనుగొనెను గాని, అది ఏ తలుపును తెరచునో ఎరుగడు. అయినను ధర్మామీటరు చూపినదానిని దాచక వ్రాసి ఉంచెను. తరువాతి వారికి అదే చాలెను. మనమును బూడిదను చూచి నిప్పు లేదని చెప్పకమునుపు, ఒకసారి చేయి చాపి చూతము.