ఫకీర్ సింగ్ అనబడిన బూత్ టక్కర్

బాపట్లకును చీరాలకును నడుమ రైలుమార్గమున స్టూవర్టుపురమను చిన్న స్టేషనొకటి గలదు. ఆ పేరు వినబడినతోడనే చేతిసంచిని తడిమి చూచుకొను ప్రయాణికులు మొన్నమొన్నటివరకు నుండిరి. బాల్యమున నేనును అట్లు చేసినవాడనే. ఆ యూరికి పేరిచ్చినవాడు మదరాసు గవర్నరు ఆలోచనసభ సభ్యుడగు హెరాల్డు స్టూవర్టు దొర. ఊరిని నెలకొల్పినది ముక్తిఫౌజు. ఆ ఫౌజును హిందూదేశమునకు గొనివచ్చి, నేరస్థులని పేరుపడిన తెగలకు వసతిగ్రామములు కట్టించిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ గారి చరిత్రమును చదువరుల కించుక విన్నవించుచున్నాను.

ఈయన 1853వ సంవత్సరమున బీహారులోని ముంగేరునందు ఆంగ్లేయోద్యోగి కుటుంబమున జన్మించెను. చెల్టెన్‌హాము కళాశాలలో విద్యనభ్యసించి, సివిలు సర్వీసు పరీక్షయందు కృతార్థుడై, పంజాబునందు న్యాయాధికారము గల యుద్యోగమున బ్రవేశించెను. నాటి లోకమున అంతకు మించిన భాగ్యము లేదు. అట్టివాడు 1881లో సెలవుపై లండనునకేగి, విలియం బూత్ గారు నడుపుచున్న ముక్తిఫౌజును జూచి, కొలువు విడిచి అందు జేరెను.

1882 సెప్టెంబరున ఈయన నాయకుడుగా నలుగురు మాత్రమే బొంబాయి రేవున దిగిరి. పేరుకు సైన్యము, లెక్కకు నలుగురు! వాద్యములతో వీథులలో నూరేగరాదని పోలీసులు నిషేధింపగా ఈయన యా యాజ్ఞను మీరి, 1883లో నొక మాసము చెరసాలలో నుండవలసివచ్చెను. నిన్నటివరకు దండన విధించిన చేతికి నేడు సంకెల. తీర్పు చెప్పువాడు చెరసాలను లోపలినుండి చూచుట అరుదు. ఈయన తరువాతి కృషికంతకును ఇదియే బీజమని నా తలంపు.

పిమ్మట ఈయన కాషాయవస్త్రములు ధరించి, పాదరక్షలు విడిచి, భిక్షాన్నము భుజించుచు, ఫకీర్ సింగ్ అను పేరు వహించెను. ప్రథమభార్య గతించినపిమ్మట 1888లో బూత్ గారి కుమార్తె ఎమ్మాను వివాహమాడి, మామగారి యింటిపేరును తన పేరునకు జేర్చుకొనెను. మన యిల్లరికపుటల్లుండ్రు సయిత మంతటి పని చేయరు. 1896 మొదలు అమెరికాలో ఫౌజు పనులు నిర్వహించుచు, పట్టణములలోని నిరుపేదల కొరకు కొలరాడో, కాలిఫోర్నియా రాష్ట్రములలో వ్యవసాయగ్రామములను స్థాపించెను. అవి చిరకాలము నిలువలేదు. కాని భూమియు పనియు చూపినచో మనుష్యుడు నిలద్రొక్కుకొనునను విశ్వాస మీయనకు దృఢపడెను. 1903లో ఎమ్మా రైలుప్రమాదమున మరణించెను. 1907లో ఈయన మరల హిందూదేశమునకు వచ్చెను.

అప్పటి స్థితిని కొంత విస్తరించి చెప్పవలసియున్నది. 1871లో ప్రభుత్వమువారు నేరజాతుల చట్టమును జేసిరి. దాని ప్రకార మొక తెగను నేరజాతిగా ప్రకటించినచో, అందు బుట్టినవాడు ఏ నేరమును జేయకున్నను పోలీసు పట్టికలో జేరును. వాడు హాజరు చెప్పవలెను. అనుమతిచీటి లేక ఊరు కదలరాదు. మన ప్రాంతపు ఎరుకలవారు గాడిదలపై ఉప్పును ధాన్యమును మోసి లోపలి గ్రామములలో నమ్ముకొని బ్రతికినవారు. ఉప్పుపై సర్కారు గుత్తాధిపత్యమును, రైలుమార్గములును వచ్చి యా వర్తకమును మ్రింగివేసెను. బ్రతుకుతెరువు పోగొట్టినవారే వారిని దొంగలని వ్రాసికొనిరి. జన్మచేత గౌరవము వచ్చునని సభలు చేసికొను మనమందరమును, జన్మచేత నేరమంటగట్టబడినవారిని గూర్చి యొకసారి యోచింపవలదా?

1908లో గోరఖ్‌పూరున డోములను తెగవారికొరకు బూత్ టక్కర్ మొదటి వసతిగ్రామమును బెట్టెను. 1911 చట్టము మదరాసు రాజధానికిని వర్తించెను. అటుపిమ్మట కొలదికాలమునకే స్టూవర్టుపురము వెలసెను. ఇట్టి వసతులలో సేద్యము, మగ్గము, పట్టుపురుగుల పెంపకము మొదలగు వృత్తులు నేర్పిరి. పిల్లలకు బడులు పెట్టిరి. చెరసాలనుండి వచ్చినవానికి ఇల్లును పనియు ముందే సిద్ధముగానున్నచో వాడు మరల చెరసాలకేగడనుట ఈయన సిద్ధాంతము. అది నేటికిని కాదనరానిది.

అయినను సత్యము దాచరాదు. ఆ గ్రామము స్వేచ్ఛాగ్రామము కాదు. హాజరుపట్టీ యుండెను, చీటి యుండెను, మీరినవారికి శిక్ష యుండెను. తలిదండ్రులనుండి బిడ్డలను వేరుచేసి ప్రత్యేకపాఠశాలలలో నుంచుటకు చట్టమే యధికారమిచ్చెను. కాలక్రమమున స్టూవర్టుపురవాసులు చీరాల పొగాకు కర్మాగారమునకు కూలీలైరి. సంస్కారమెంత, చౌకకూలి యెంత యని విడదీసి చెప్పుట కష్టము. మతప్రచారమును దీనితో కలసియే యుండెను.

ఈయన నేరమును రోగముగా భావించి, తన పద్ధతికి నేరచికిత్స యను నర్థమిచ్చు పేరు పెట్టెను. మన వైద్యశాస్త్రములు చికిత్సకు ముందు నిదానమును జెప్పును. బూత్ టక్కర్ గారి చికిత్సలో మంచిమందులు గలవు: భూమి, వృత్తి, విద్య. నిదానము మాత్రము తప్పు. రోగము రక్తములో నున్నదని ప్రభుత్వము చెప్పినదానిని ఈయన గట్టిగా ప్రశ్నింపలేదు. చెరసాలను చవిచూచినవాడయ్యు, నేరము చేయని శిశువు పేరు పట్టికలో నేల యుండవలెనని యడుగకపోవుట నాకు నేటికిని వింతగానే యున్నది. అయినను, ఇతరులు లాఠీతో తప్ప సమీపింపనివారి నడుమ పనిచేయుటకు ముందుకు వచ్చినవాడనుటయు సత్యమే.

ఈయన 1919లో ఈ దేశమును విడిచి, 1929లో లండనునందు గతించెను. మదరాసు ప్రభుత్వము 1947లోను, భారతప్రభుత్వము 1952లోను నేరజాతుల చట్టమును రద్దుచేసినవి. చట్టము పోయినను అపవాదు పోలేదు. పాత నేరస్థులపై నిఘా పెట్టు వేరుచట్టములు దాని స్థానమున వచ్చెను. 1970 తరువాతి దశకమున జాషువా కవి కుమార్తె హేమలతా లవణం గారు స్టూవర్టుపురమునకేగి, ఆ కుటుంబములతో మెలగుచు, సంస్కరణకార్యమును క్రొత్తగా నారంభించిరి. నేడు ఎరుకలవారు షెడ్యూల్డు తెగలలో చేరియున్నారు. ఊరిపేరు మాత్రము స్టూవర్టు దొరదే.