తామర, చంద్రుడు... ఓ మట్టి టీ పాట్

మా ఇంట్లో షోకేసులో ఓ పింగాణీ టీ పాట్ ఉంది. పెళ్లికి ఎవరో ఇచ్చారు, ఆరు కప్పులు, ఆరు సాసర్లతో సహా. ఇన్నేళ్లలో దాంట్లో టీ పోసింది మహా అయితే మూడుసార్లు. మిగతా రోజుల్లో అందరిళ్లలో లాగే గిన్నెలో పాలు, నీళ్లు, పంచదార, టీపొడి వేసి మరిగించడమే. అందరికీ వడపోసి ఇచ్చి, ఆ కబురూ ఈ కబురూ విని వచ్చేసరికి నా గ్లాసు చల్లారిపోయి ఉంటుంది. రోజుకి రెండు మూడుసార్లయినా నిమ్మళంగా కూర్చుని వేడి వేడి టీ తాగాలంటే నాకంటూ ఓ చిన్న పాట్ ఉండాలనిపించింది. వెతకడం మొదలుపెట్టాను. ఒకటి మరీ పెద్దది. ఇంకొకటి వంచితే టీ కప్పులో కన్నా బల్ల మీదే ఎక్కువ పడుతుంది. మరొకదాని పిడి పట్టుకుంటే చెయ్యి కాలుతుంది!

ఆ వెతుకులాటలోనే ఓ పుస్తకంలో ఒక ఫొటో చూశాను. అరచేతిలో ఇమిడేంత మట్టి పాట్. కాస్త వంకరగా ఉంది. ఒంటి మీద వేలి గుర్తులు, వాటి మధ్య సన్నగా గీసిన అక్షరాలు. చేసిందెవరా అని చూస్తే జపాన్‌కి చెందిన ఓ సన్యాసిని. పేరు ఒతగాకి రెంగెత్సు. ఆమె జీవితం చదివాక టీ పాట్ సంగతి కాసేపు మర్చిపోయాను.

కోటలో పెరిగిన పిల్ల

1791లో క్యోటోలో పుట్టింది. తండ్రి గొప్పింటి సమురాయ్, తల్లి గేషా. పెళ్లి కాని సంబంధం కావడంతో పసిగుడ్డుగా ఉండగానే చియోనిన్ అనే పెద్ద బౌద్ధాలయంలో పనిచేసే ఒతగాకి అనే ఆయనకి పెంపకానికి ఇచ్చేశారు. నోబు అని పేరు పెట్టుకుని సొంత కూతురిలా చూసుకున్నాడాయన. ఏడెనిమిదేళ్లప్పుడు కమెయొకా కోటకి పంపారు. అక్కడ దొరసానుల కొలువులో ఉంటూ కవిత్వం, చక్కటి దస్తూరీ, 'గో' అనే పలక ఆట, చివరికి కత్తిసాము కూడా నేర్చుకుంది. పైగా అందగత్తె. ఇక ఆ పిల్లకేం తక్కువ అనుకుంటాం కదూ!

పదహారో ఏట పెళ్లయింది. అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నారు. అతనికి లేని వ్యసనం లేదు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయారు. 1815లో విడిపోయారు, కొన్నాళ్లకే అతనూ పోయాడు. 1819లో మళ్లీ పెళ్లి. ఈసారి భర్త మంచివాడు. కానీ 1823లో జబ్బుచేసి ఆయనా కన్నుమూశాడు. ముప్ఫై రెండేళ్ల నోబు తల గొరిగించుకుని సన్యాసిని అయింది. అప్పుడు పెట్టుకున్న పేరే రెంగెత్సు. రెన్ అంటే తామర, గెత్సు అంటే చంద్రుడు.

పెంచిన తండ్రి కూడా కూతురితోపాటే సన్యాసం తీసుకున్నాడు. ఇద్దరూ ఆలయ ఆవరణలోనే ఉండేవారు. మిగిలిన పిల్లలూ దక్కలేదు. 1832లో ఆ తండ్రీ పోయాడు. నలభై ఒక్కేళ్ల ఆడది... భర్త లేడు, బిడ్డ లేదు, ఉన్న గూడూ పోయింది. ఏం చేస్తుంది మరి?

మిగిలిన దారి మట్టి

వచ్చిన విద్యలు లేకపోలేదు. 'గో' ఆట నేర్పుదామనుకుంది. కానీ ఆడదాని దగ్గర, అందులోనూ సన్యాసిని దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి మగవాళ్లకి మొహమాటం. కవిత్వం చెబుదామా అంటే, వచ్చేవాళ్లలో కొందరికి పాఠం మీద కన్నా ఆమె మీదే చూపు. ఆ బాధ పడలేక తన పళ్లు తనే పీకేసుకుందని కూడా ఓ కథ చెబుతారు. నిజమో కాదో గానీ, అలాంటి కథ పుట్టిందంటేనే ఎంత విసిగిపోయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

చివరికి క్యోటో శివారున ఒకజాకీలో మట్టి పట్టుకుంది. సారె మీద తిప్పడం కాదు, మనం అప్పాలు ఒత్తినట్టు చేత్తోనే ఒత్తి ఒత్తి చిన్న చిన్న టీ పాట్‌లు చేసేది. పచ్చిగా ఉండగానే సన్నటి మొనతో తను రాసుకున్న పద్యం ఒకటి దాని మీద గీసేది. బట్టీలో కాల్పించి అమ్మేది.

టీ పాట్‌లే ఎందుకంటే దానికో కారణముంది. జపాన్‌లో పూర్వం నుంచీ గొప్పవాళ్ల తేనీటి విందుల్లో ఆకుపచ్చ పొడిని గిన్నెలో చిలికి తాగేవారు. దానికి పాట్ అక్కర్లేదు. 1738లో క్యోటో దగ్గరి ఊళ్లో నగతాని సోయెన్ అనే రైతు ఆకుని ఆవిరి పట్టి, నలిపి ఆరబెట్టే పద్ధతి తెచ్చాడు. అదే సెంచా. వేడి నీళ్లలో నానబెట్టుకుంటే చాలు. అంత తతంగమేమీ లేకపోవడంతో కవులూ చిత్రకారులూ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. సెంచాకి చిన్న పాట్ కావాలి. ఆ పాట్ మీద పద్యం కూడా ఉంటే ఇంకేం కావాలి!

మొదట్లో ఆమె చేసినవి వంకరటింకరగానే ఉండేవట. ఆ సంగతి ఆమే ఒప్పుకునేది. జనానికి మాత్రం ఆ వంకరే నచ్చింది. అడిగేవాళ్లు ఎంత పెరిగారంటే, వాళ్ల తాకిడి తప్పించుకోవడానికి ఆమె మాటిమాటికీ ఇల్లు మారేది. ఊళ్లో 'ఇల్లు మారే రెంగెత్సు' అనే పేరే పడిపోయింది. నకిలీలూ వచ్చాయి. ఆమె కోప్పడలేదు సరికదా, పాపం వాళ్లకీ పొట్ట గడవాలిగా అని నకలు చేసేవాళ్ల పాట్‌ల మీద తన చేత్తో పద్యం గీసి ఇచ్చేది.

అలా వచ్చిన డబ్బు దాచుకుందా అంటే అదీ లేదు. కరువొస్తే పేరు చెప్పకుండా ఇచ్చేసింది. కామో నది మీద మరుతమాచి వంతెనకి ఖర్చు పెట్టింది. తన దగ్గర ఉంటూ మట్టి మోసిపెట్టిన ఓ కుర్రాణ్ణి మనవడిలా చూసుకుంది. అతనే తర్వాత జపాన్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న చిత్రకారుడు తొమియొకా తెస్సాయ్. 1865 నుంచి జింకోయిన్ అనే చిన్న ఆలయంలో స్థిరపడి, 1875లో ఎనభై నాలుగో ఏట కన్నుమూసేదాకా మట్టీ పద్యం వదల్లేదు.

నాకు దొరికిన పాట్

అన్నీ పోగొట్టుకున్న ఆ చేతులు చేసిన పాట్ ఒక్కరో ఇద్దరో తాగేంతే ఉంటుంది. అందులోని కిటుకు నాకు మెల్లగా తెలిసింది. పెద్ద పాట్‌లో ఒక్కసారే కాచి పోసుకుంటే మిగిలింది చల్లారి చేదెక్కుతుంది. చిన్నదైతే తాగినప్పుడల్లా తాజాగానే! మంచి సెంచా ఆకు మీద రెండు మూడుసార్లు నీళ్లు పోసుకోవచ్చు. సలసల మరిగేవి కాదు, కాస్త చల్లారనిచ్చి పోస్తే చేదు రాదు.

మొన్న ఓ చేతివృత్తుల మేళాలో అలాంటి చిన్న మట్టి పాట్ దొరికింది. మూత ముందు గట్టిగా కూర్చుంటుందో లేదో చూశాను, అక్కడే నీళ్లడిగి పోసి మూతి కారుతుందేమో చూశాను. మెరుగు లేని మట్టి కాబట్టి అందులో పాలు పోయడం లేదు, వాసన పట్టేస్తుంది. పొయ్యి మీదా పెట్టడం లేదు.

మధ్యాహ్నం అందరూ వెళ్లాక ఓసారి, సాయంత్రం దీపం పెట్టే ముందు ఓసారి కూర్చుంటున్నాను. దాని ఒంటి మీద ఎవరిదో వేలి గుర్తు ఒకటి ఉంది. ఎవరిదో తెలీదు. నా బొటనవేలు మాత్రం రోజూ సరిగ్గా అక్కడే ఆనుతోంది. షోకేసులో పింగాణీ పాట్ మాత్రం... పాపం, అలాగే మెరుస్తోంది!