తీర్పు దినమునకు వెరవని దైవజనుడు
డాక్టరు జేకబ్ చేంబర్లేన్ దొరగారి జీవితము (1835–1908)



మన సంఘములలో ఎవరైన ఒకరు మరణించినప్పుడు, భూస్థాపన ముగించుకొని ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొను సమయమున, ఎవరో ఒకరు మెల్లగా ఒక ప్రశ్న వేయుదురు. పోయిన మనిషి రక్షింపబడెనా, లేదా? పెద్దలలో అనేకులు, అది తీర్పు దినమున గాని తెలియదు, మనమెవరము చెప్పుటకు, అని ఊరకుందురు. నేను రక్షింపబడితినని ధైర్యముగా చెప్పువానిని చూచి, వీనికి గర్వమెక్కువ అని తలంచువారును కలరు. మరి కొందరు కన్వెన్షను కూటములలో ఒకసారి చేయి ఎత్తితిమి గనుక ఇక విచారము లేదని తిరుగుచున్నారు. ఈ రెండు తలంపులును సరియైనవి కావని నాకు తోచుచున్నది. వాదనకు దిగుటకంటె, మన ప్రాంతమున దాదాపు 48 సంవత్సరములు పాటుపడిన ఒక భక్తుని జీవితమును జ్ఞాపకము చేసికొనుట మేలు.

చేంబర్లేన్ దొరగారు 1835 ఏప్రిల్ 13వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమందు షేరన్ అను ఊరిలో జన్మించిరి. బాల్యము ఒహాయో రాష్ట్రములోని హడ్సనులో గడచెను. అక్కడనే వెస్టర్న్ రిజర్వ్ కళాశాలలో చదివి, 1859లో న్యూ బ్రన్స్‌విక్ వేదాంత కళాశాలలో వేదాంత విద్య పూర్తి చేసిరి. వైద్యమును కూడ నేర్చిరి. ఆ సంవత్సరమే వివాహము చేసికొని, ఆ చివరి మాసమున భార్యతో కూడ ఓడ ఎక్కి, 1860లో మద్రాసు చేరిరి.

ఆయనను పంపినది అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి. 1853లో స్కడ్డరు సోదరులు స్థాపించిన ఆర్కాటు మిషను ఈ సంఘమునకు చెందినదే. వేలూరు ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడ్డరమ్మగారిదియు ఆ కుటుంబమే. ఈ సంఘమువారికి 1563లో జర్మనీ దేశమున హైడెల్‌బర్గు పట్టణములో వ్రాయబడిన ఒక ప్రశ్నోత్తరావళి విశ్వాస ప్రమాణములలో ఒకటి. మనము చిన్ననాడు సండేస్కూలులో వల్లించిన ప్రశ్నోత్తరముల వంటిదే. అయితే దానిలో మొదటి ప్రశ్న దేవుడెవరు, మనుష్యుడెవరు అని కాదు. బ్రదుకునందును చావునందును నీకున్న ఆదరణ యేమి అని. తీర్పు తీర్చుటకు క్రీస్తు తిరిగి వచ్చుట నీకేమి ఆదరణ అనియు అందులో మరియొకచోట అడుగబడినది. తీర్పును గూర్చి భయమేమి అని అడుగక ఆదరణ యేమి అని అడుగుట గమనింపవలెను. దాని జవాబు యొక్క సారాంశమేమనగా, నాకు బదులుగా తీర్పుకు నిలిచినవాడే నాకు తీర్పరిగా వచ్చుచున్నాడు. చేంబర్లేన్ దొరగారు ఈ బోధలో పెరిగినవారు. దీనిని చేతబట్టుకొనియే ఆయన మన సీమకు వచ్చిరి.

ఆర్కాటు మిషను అప్పటికి అరవ ప్రాంతములోనే ఎక్కువ పని చేయుచుండెను. దొరగారు తెలుగువారి మధ్యకు వచ్చిరి. మొదట పలమనేరులో ఉండి, 1863లో మదనపల్లికి వచ్చి అక్కడ స్థిరపడిరి. (మదనపల్లి అప్పుడు కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇందులో చేరినది.) ఈ రెండు ఊళ్లలోను ఆయన వైద్యశాలలు నడిపిరి. ప్రతి ఉదయము రోగులను చూచుటకు ముందు వాక్యము చదివి ప్రార్థన చేయుట అక్కడి నియమము. రోగికిచ్చు చీటీ వెనుక వాక్యములు అచ్చువేయించి యిచ్చెడివారు.

ఆ 1863వ సంవత్సరములోనే ఆయన కొందరు స్వదేశ సహాయకులను వెంటబెట్టుకొని, బండ్లలో సువార్త పుస్తకములు వేసికొని, నైజాము రాజ్యము గుండ గోదావరి అడవుల వరకు సుమారు 1200 మైళ్లు సంచారము చేసిరి. ఆ ప్రయాణమున జరిగిన రెండు సంగతులు చెప్పవలెను.

ఒక ప్రాకారముగల పట్టణములో జనులు ఆయనను వెళ్లగొట్టుటకు కూడిరి. వారి చేతులలో రాళ్లుండెను. ఆయన వారితో వాదింపలేదు, వారి దేవతలను దూషింపలేదు, నరకమును గూర్చి బెదిరింపలేదు. నేను దూరమునుండి వచ్చితిని, ఒక కథ చెప్పనిండు, అటుపిమ్మట మీ యిష్టము, అని సెలవడిగి, ప్రభువు పుట్టుక మొదలు సిలువ మరణము వరకు తెలుగులో చెప్పిరి. కథ ముగియునప్పటికి వినినవారి కన్నులలో నీళ్లు నిలిచెను. రాళ్లు కాలువలో పడినవి. వారే ముందుకు వచ్చి సువార్తలు కొనుక్కొనిరి. తాము తీర్పరులమని నిలిచినవారికి, అన్యాయపు తీర్పును సహించిన ఒకని కథ చెప్పుటయే ఆయన చేసినది. మన ప్రసంగీకులలో కొందరు అంత్యదినమును గూర్చి మాటలాడునప్పుడు అగ్నిగంధకములే తప్ప సిలువ కనబడదు. ఇది నా మాటగా క్షమింపుడు.

రెండవది గోదావరి ఒడ్డున జరిగినది. వర్షము, వరద, జ్వరము, పైగా పులులు తిరుగు అడవి. చీకటి పడకముందు ఎత్తయిన స్థలము చేరవలెనన్న, వాగులు పొంగి దారి మూసికొని పోయినది. కూలీలు భయముతో నిలిచిపోయిరి. దొరగారు ప్రక్కకు పోయి ప్రార్థించిరి. నది వైపు తిరుగుమని మనస్సులో స్పష్టముగా తోచెను. తోడివారు సందేహించినను అటే నడిపించిరి. వరదకు కట్లు తెంపుకొని, పడవవారు ఎంత ప్రయత్నించినను ఆగక, ఒక పెద్ద బల్లకట్టు సరిగా ఆ ఒడ్డుకే కొట్టుకొని వచ్చియుండెను. ఆ రాత్రి వారందరును దానిమీద క్షేమముగా గడిపిరి.

ఈ వృత్తాంతమును ఆయన వ్రాసిన పుస్తకము 1896లో వెలువడి, అమెరికాలో అనేకులు చదివిరి. మన సండేస్కూళ్లలోను చెప్పుచుందురు. కాని చెప్పువారు సాధారణముగా విడిచిపెట్టు సంగతి ఒకటి కలదు. పులులనుండి తప్పించిన దేవుడు అడవి జ్వరమునుండి ఆయనను తప్పింపలేదు. ఆ ప్రయాణమున తగిలిన జ్వరము తరువాత సంవత్సరములలో మరల మరల తిరుగబెట్టి, ఒకటికి రెండుసార్లు స్వదేశమునకు పోవలసిన స్థితికి తెచ్చెను. అంతేకాదు, ప్రార్థించిన ప్రతివానికిని పడవ రాలేదు. 1876–78 నాటి ధాత కరువులో మన సీమలో విశ్వాసులును అవిశ్వాసులును ఒకేరీతిగా ఆకలికి రాలిపోయిరి. రక్షణ నిశ్చయతను బల్లకట్టుమీద కట్టుకొన్నవాడు, బల్లకట్టు రాని రాత్రి ఏమి చేయును? దొరగారి నిశ్చయత పడవ రాకముందే ఉండెను, జ్వరము వచ్చిన తరువాతను ఉండెను. అది రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయము మీదను, యోహాను సువార్త అయిదవ అధ్యాయము మీదను నిలిచిన నిశ్చయత. శిక్షావిధి క్రీస్తునందు తీరిపోయినదను మాట మీద నిలిచినది.

రక్షణ నిశ్చయమని చెప్పినయెడల మనుష్యులు సోమరులగుదురని కొందరందురు. హైడెల్‌బర్గు ప్రశ్నోత్తరావళిలోనే ఈ ఆక్షేపణ ఎత్తబడి, జవాబు చెప్పబడినది. కాని మన చిత్తూరువారికి కోర్టు వ్యవహారము తెలియును. దావా తేలనివాడు పొలమున మనస్సు పెట్టి దున్నడు. వాయిదా వాయిదాకు తిరుగుచు, సాక్షుల వెంటబడుచు, రాత్రి నిద్రలేక యుండును. తీర్పు చేతికి వచ్చినవాడు నాగలి పట్టును. దొరగారి జీవితము చూడుడు. 1873లో తెలుగు బైబిలు సవరణ సంఘమునకు అధ్యక్షులైరి. వేరువేరు మిషనులవారు కూడి మాట మాటను పరిశీలించుచు చేయవలసిన ఆ పని సుమారు ఇరువది సంవత్సరములు సాగెను. తమ సంఘపు ఆరాధన క్రమమును తెనుగు చేసి 1873లోనే ప్రకటించిరి. 1884లో కీర్తనల పుస్తకము వచ్చెను. తేరు కదలనప్పుడు చక్రముల ముందు కొబ్బరికాయలు కొట్టి అందరు కలిసి లాగు మన ఊరి వాడుకను దృష్టాంతముగా తీసికొని, అమెరికా సంఘములవారికి ఒక చిన్న పుస్తకము వ్రాసిరి. సోమరి చేయు పనులు కావివి.

మదనపల్లిలో ఆయన ఒక పఠన మందిరము తెరచి, చదువుకొన్నవారికి బైబిలును గూర్చి ఉపన్యాసములిచ్చుచుండిరి. ఒకసారి ఉపన్యాసము ముగిసిన తరువాత ఒక బ్రాహ్మణుడు లేచి మాటలాడెను. దారిప్రక్కన మామిడిచెట్టు రాళ్లదెబ్బలు తినుచునే యేటేట ఫలములిచ్చుచున్నట్లు, ఈ మిషనరీలును నిందలు పడుచు మేలు చేయుచున్నారనియు, వారికి ఆ గుణము వారి గ్రంథమునుండియే కలిగినదనియు ఆయన చెప్పెను. ఆయన బాప్తిస్మము పొందలేదు. అయినను చెట్టును చూచి వేరు ఎక్కడున్నదో కనిపెట్టెను.

దొరగారు 1878లో తమ స్వదేశ సంఘపు మహాసభకు అధ్యక్షులుగా ఎన్నుకొనబడిరి. వేరువేరు మిషనుల సంఘములు ఒకటి కావలెనని ఎంతో పాటుపడిరి. 1947లో మనము చూచిన దక్షిణ ఇండియా సంఘ ఐక్యతకు అది ఒక తొలిమెట్టు. ఆ చరిత్ర వేరుగా వ్రాయదగినది.

చివరి సంవత్సరములలో ఆరోగ్యము చెడినను తెలుగులో ఒక బైబిలు నిఘంటువును కూర్చుచుండిరి. అది పూర్తికాలేదు. సగములో నిలిచిన పని, తిరుగబెట్టు జ్వరము, క్రైస్తవులు కాని అనేకులైన మిత్రులు, ఇవన్నియు ఆయన యెదుట ఉండెను. 2 కొరింథీ అయిదవ అధ్యాయములో చెప్పబడిన న్యాయపీఠము ఆయనకు తెలియనిది కాదు. దానిమీద కూర్చుండువాడెవరో కూడ తెలియును. 1908 మార్చి 2వ తేదీన మదనపల్లిలోనే ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి ఆయన కుమారులలో ఒకరు అదే మిషనులో సేవ చేయుచుండిరి.