మా గైడ్స్ క్యాంపు - బేడెన్ పావెల్ గారు

పోయిన నెల గైడ్స్ క్యాంపులో మేం మొదటిసారి టార్పాలిన్ బరకం కింద పడుకున్నాం. రెండు చెట్లకి తాడు కట్టి, దాని మీద బరకం ఏసి, మూలలకి మేకులు కొట్టాం. చుట్టూ కాలవ తీయడం మర్చిపోయాం. రాత్రి వానకి దుప్పట్లన్నీ తడిసిపోయాయి! ఈ క్యాంపులు ఎవరు పెట్టారని అడిగితే మేడం గారు బేడెన్ పావెల్ గారి గురించి చెప్పారు.

ఆయన 1857 ఫిబ్రవరి 22న లండన్‌లో పుట్టారు. మూడేళ్ళకే తండ్రి పోయారు. సైన్యంలో చేరి 1876లో మన దేశానికి, లక్నోకి వచ్చారు. తర్వాత ఆఫ్రికా వెళ్ళారు. 1896లో మటబెలె వాళ్ళు ఇంగ్లీషు వాళ్ళ మీద తిరగబడితే ఆయన వాళ్ళతో యుద్ధం చేశారు. ఇది నాకు నచ్చలేదు. మన మన్యం వాళ్ళ లాంటోళ్ళే కదా వాళ్ళు. అయినా ఉన్నది రాయాలి గదా, రాశాను.

1907 ఆగస్టులో బ్రౌన్సీ దీవిలో సుమారు 20 మంది అబ్బాయిలతో మొదటి క్యాంపు పెట్టారు. పెద్దింటి పిల్లలు, కూలోళ్ళ పిల్లలు కలిసి ఉన్నారు. పొద్దున్నే కొమ్ము ఊది లేపేవారు. ఆ కొమ్ము మటబెలె యుద్ధం నుంచి తెచ్చిందే.

1909లో లండన్‌లో స్కౌట్ల సభకి ఎవరూ పిలవకుండానే కొందరు అమ్మాయిలు వచ్చి నిలబడ్డారు. మేమూ స్కౌట్లమే అన్నారు. దాంతో 1910లో గైడ్స్ మొదలుపెట్టి చెల్లెలు ఆగ్నెస్ గారికి అప్పజెప్పారు. వాళ్ళు ఆరోజు రాకపోతే మమ్మల్ని క్యాంపుకి ఎవరు పంపుతారు?

1941 జనవరి 8న కెన్యాలోని న్యేరిలో ఆయన చనిపోయారు. సమాధి రాయి మీద ఒక సున్నా, మధ్యలో చుక్క ఉంటాయి. ఇంటికి వెళ్ళిపోయాను అని దాని అర్థం. మేం వచ్చేటప్పుడు బరకం మడతపెట్టి, ఆ తడి నేల మీద పుల్లతో అదే గుర్తు గీసి వచ్చాం.